జాబితాలో అమ్మీ పేరు

(జాతీయ ఓటర్ల దినోత్సవం సందర్భంగా రఘునాథపల్లిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈరోజు జనవరి 25. 1950లో ఇదే తేదీన భారత ఎన్నికల సంఘం ఏర్పడింది. 2011 నుంచి ఈ తేదీని జాతీయ ఓటర్ల దినోత్సవంగా జరుపుకుంటున్నాము. ముస్లింలు, ఓటుహక్కు అనే అంశం మీద మాట్లాడవలసిందిగా నిర్వాహకులు కోరారు. వారికి నా ధన్యవాదాలు.

ఈ అంశం చర్చకు వచ్చినప్పుడల్లా పత్రికల్లోనూ, టీవీల్లోనూ మూడు ప్రశ్నలే వినిపిస్తాయి. ముస్లింలు ఈసారి ఎవరికి వేస్తారు? గంపగుత్తగా వేస్తారా, చీలిపోతారా? ఎన్ని నియోజకవర్గాల్లో వారి ఓట్లు ఫలితాన్ని మార్చగలవు? ఈ మూడూ మన ఓట్లను లెక్కపెట్టుకునేవారి ప్రశ్నలు. ఓటు మనకు ఏమిటి అన్నది వీటిలో ఎక్కడా లేదు. ఆ ప్రశ్న నన్ను అడిగినది ఆరేళ్ల పిల్ల. అందుచేత ఈరోజు నేను పండితుల ప్రశ్నలు పక్కనపెట్టి, ఆ పిల్ల అడిగిన ప్రశ్నలకు మీ సమక్షంలో సమాధానం చెప్పదలచుకున్నాను.

2023 నవంబర్ 29, బుధవారం. తెల్లవారితే శాసనసభ ఎన్నికల పోలింగ్. నేను అస్ర్ నమాజు ముగించుకుని ఇంటికి వచ్చేసరికి మా మనవరాలు చెప్పులు వేసుకుని గడప దగ్గర సిద్ధంగా ఉన్నది. బడిలో ఓట్ల పెట్టెలు పెడతారని ఎవరో చెప్పారట. అవి ఎట్లా ఉంటాయో చూపించమని పొద్దుటి నుంచి పట్టు పట్టింది. వేలు పట్టుకుని బయలుదేరాము.

వీధి నిశ్శబ్దంగా ఉన్నది. నెల రోజులుగా ఆటోల మీద మైకులు కట్టుకుని తిరిగిన పాటలు ముందురోజు సాయంత్రం 5 గంటలకు ఆగిపోయాయి. "దాదా, ఇవాళ పాటలెందుకు లేవు?" అని అడిగింది. పోలింగ్ ముగిసే వేళకు ముందు 48 గంటల పాటు ప్రచారం చేయకూడదని చట్టం ఉన్నదనీ, ఎవరి కేకలూ చెవిన పడకుండా మనిషి తనలో తాను ఆలోచించుకోవడానికి ఇచ్చిన వ్యవధి అదనీ చెప్పాను. హోటల్ ముందు బల్ల మీద నలుగురు గొంతులు పెంచి వాదించుకుంటున్నారు. వాళ్లను చూపించి, "వాళ్లు కూడా ఆలోచిస్తున్నారా?" అన్నది. అవునమ్మా, పైకి ఆలోచిస్తున్నారన్నాను.

హైవే మీదికి వచ్చాము. మన ఊరి మీదుగా పోయే ఈ హైదరాబాద్–వరంగల్ రహదారి ఎన్నికల ముందురోజు పండగ ముందురోజులా ఉంటుంది. హైదరాబాద్‌లో సెంట్రింగు పనికి, డ్రైవింగుకు, దుకాణాల్లో కొలువుకు పోయినవాళ్లు బస్సులు దిగుతున్నారు. వారిలో ఉప్పరివారున్నారు, మాదిగవారున్నారు, దూదేకులవారున్నారు, షేకులున్నారు. ఒకటి రెండు రోజుల కూలి వదులుకుని, సొంత ఖర్చుతో వచ్చినవారు. ఆ ఎన్నికల్లో రాష్ట్రమంతటా సుమారు 71 శాతం పోలింగ్ జరిగితే, హైదరాబాద్ జిల్లాలో సగం మంది కూడా ఓటు వేయలేదు. ఓటు విలువ తెలియాలంటే ఆ సాయంత్రం మన బస్టాండులో నిలబడి చూడవలసింది.

అక్కడి నుంచి బడి వైపు తిరిగాము. దారిలో ఒక అరుగు మీద అంగన్‌వాడీ టీచరమ్మ కూర్చొని ఉన్నది. ఆమే మా వాడకు బూత్ స్థాయి అధికారి. ఇంకా అందనివారి కోసం ఓటరు స్లిప్పులు, జాబితా ముందు పెట్టుకుని ఉన్నది. మా పిల్ల ఆమె దగ్గర అక్షరాలు దిద్దినదే. ఆ చనువుతో వెళ్లి, "టీచర్, మా పేర్లు చూపించు" అన్నది. టీచరమ్మ నవ్వి మా ఇంటి నంబరున్న పేజీ తీసింది. కూడబలుక్కుంటూ చదవడం అప్పుడప్పుడే వస్తున్న పిల్ల. ఒక్కొక్క గడి మీద వేలు పెట్టింది. దాదా ఉన్నాడు. దాదీ ఉన్నది. అబ్బా ఉన్నాడు. వేలు కిందికి జరిగింది. తర్వాతి గడిలో పక్కింటివారి పేరు.

"అమ్మీ ఏది?"

టీచరమ్మ పేజీ ముందుకు తిప్పింది, వెనక్కి తిప్పింది. చివరి అనుబంధం కూడా చూసింది. లేదు. అప్పుడా పిల్ల నా ముఖంలోకి చూసి అడిగింది: "దాదా, అమ్మీ మన ఊరిది కాదా?"

సోదరులారా, పౌరసత్వం మీద, జాబితాల మీద మన పత్రికల్లో ఎన్నో వ్యాసాలు చదివాను. వాటన్నిటి సారమూ ఆ ఒక్క ప్రశ్నలో ఉన్నది. జాబితాలో పేరు లేకపోతే, ఆ మనిషి ఈ ఊరిది కాదని పిల్లకు అనిపించింది. పెద్దలు కొందరు కావాలనే ఆ మాట అంటున్న రోజుల్లో, పిల్లకు అట్లా తోచడంలో వింత లేదు.

జరిగినది ఇది. మా కోడలు వేరే మండలం నుంచి పెళ్లయి వచ్చింది. ఇల్లు మారినదని పుట్టినింటి ఊళ్లో పేరు తీసేశారు. ఇక్కడ ఇచ్చిన దరఖాస్తు జాబితా వరకు రాలేదు. నామినేషన్ల గడువు నవంబర్ 10తో ముగిసింది. గడువు ముగిసిన తర్వాత ఆ ఎన్నిక పూర్తయ్యే వరకు జాబితాలో కొత్త పేరు చేర్చరాదని 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం చెబుతున్నది. కనుక ఆ సాయంత్రం టీచరమ్మ చేయగలిగినది ఏమీ లేదు.

ఇది మా ఇంటి కథ మాత్రమే అనుకోవద్దు. ఆడవాళ్ల పేర్లు జాబితాల్లోంచి జారిపోవడం మన గణతంత్రంతో పాటే పుట్టిన సమస్య. తొలి సార్వత్రిక ఎన్నికల జాబితా తయారైనప్పుడు లక్షలాది స్త్రీలు తమ పేరు చెప్పక, ఫలానావాని భార్యననీ, ఫలానావాని తల్లిననీ రాయించారు. ఆనాటి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ అట్లాంటి నమోదులను అంగీకరించలేదు. దాదాపు 28 లక్షల మంది స్త్రీల పేర్లు ఆ కారణంగా జాబితాకెక్కలేదు. నేడు కారణం మారింది. పుట్టినింటి జాబితా నుంచి తొలగించడం త్వరగా జరుగుతుంది, మెట్టినింటి జాబితాలో చేర్చడం ఆలస్యమవుతుంది. ఈ రెంటి నడుమ ఒక ఎన్నిక గడిచిపోతుంది.

ముస్లిం స్త్రీల విషయంలో దీనికి మరో చిక్కు తోడవుతుంది. మన పేర్లు ఉర్దూలో పలుకుతాము, తెలుగులో రాస్తారు, ఇంగ్లిషులో కంప్యూటరుకెక్కిస్తారు. ఒకే మనిషి ఆధార్ కార్డులో మొహమ్మద్, రేషన్ కార్డులో మహ్మద్, ఓటరు జాబితాలో ఎండీ. పెళ్లికి ముందు పేరు చివర బీ ఉన్న ఆడపిల్ల పెళ్లయ్యాక బేగం అవుతుంది. షేక్ అన్నది ఒక కాగితంలో పేరుకు ముందుంటుంది, మరొక కాగితంలో ఉండనే ఉండదు. ఇంట్లో ఇవన్నీ ఒకే మనిషి. కాగితాలు సరిచూసే యంత్రానికి వేరువేరు మనుషులు. ఈ తేడాలను మనమే సరిచేసుకోకపోతే, ఏదో ఒకరోజు అవే మన మీద సాక్ష్యాలుగా నిలబడతాయి.

ఆ సాయంత్రం పిల్లకు నేను చెప్పిన సమాధానం ఇది: అమ్మీ ఈ ఊరిదే. పేరు రాయవలసిన పుస్తకంలో ఇంకా రాయలేదు. మనం రాయిద్దాం. ఊరివాళ్లు కావడానికి జాబితా ఆధారం కాదు. జాబితాయే ఊరివాళ్ల మీద ఆధారపడి ఉండాలి.

ఈ మాటకు చరిత్రలో సాక్ష్యం కావాలంటే మన మండలం దాటి పోనక్కరలేదు. ఖిలాషాపూర్‌లో సర్వాయి పాపన్న కోట ఉన్నది. 18వ శతాబ్దం తొలినాళ్లలో మొగలు అధికారులనూ, జమీందారులనూ ఎదిరించిన గీతకార్మికుడు ఆయన. ఆయన గురించి ప్రజలు పాడుకున్న గాథలో అనుచరుల పేర్ల వరుస ఒకటి ఉన్నది. అందులో చాకలి సర్వన్న, కుమ్మరి గోవిందు పక్కనే హసన్, హుసేన్, దూదేకుల పీర్ ఉన్నారు. ఆ జాబితాను ఏ ప్రభుత్వమూ తయారు చేయలేదు, ప్రజలు నోటితో కాపాడుకున్నారు. ఇక మన జనగామ జిల్లాలోనే కామారెడ్డిగూడెం ఉన్నది. సాయుధ పోరాటం మొదలు కాకముందే షేక్ బందగీ అనే సామాన్య రైతు విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురొడ్డి తన భూమి కోసం కోర్టులో పోరాడాడు, ప్రాణం పోగొట్టుకున్నాడు. అంతటి దొరల రాజ్యంలో ఒక పేద రైతు కాగితం చేతపట్టుకుని న్యాయం అడిగాడు. ఈ నేల మీద హక్కు అడగడం మనకు కొత్త కాదు.

బడికి చేరాము. బస్సు దిగిన పోలింగ్ సిబ్బంది పెట్టెలు లోపలికి మోస్తున్నారు. గేటు దగ్గర ఒక కానిస్టేబుల్ ఉన్నాడు. పిల్ల తన తరగతి గదికి తాళం బదులు కాపలా ఉండడం చూసి సంబరపడింది. బయట గోడ మీద పోటీలో ఉన్న అభ్యర్థుల జాబితా అతికించారు. దాన్ని కూడా ఆమె పై నుంచి కింది దాకా చదివింది. చదివి, "దాదా, ఇందులో మనలాంటి పేరు ఒక్కటీ లేదేమి? నేను పెద్దయ్యాక ఇక్కడ నిలబడవచ్చా?" అన్నది.

ఆరేళ్ల పిల్లకు నిజం చెప్పడం కష్టం. అబద్ధం చెప్పడం అంతకంటే అన్యాయం. మన రఘునాథపల్లి మండలం స్టేషన్ ఘనపూర్ శాసనసభ నియోజకవర్గంలో ఉన్నది. దశాబ్దాలుగా అది షెడ్యూల్డ్ కులాలకు రిజర్వు అయిన స్థానం. లోక్‌సభకు మన స్థానం వరంగల్. అది కూడా ఎస్సీ రిజర్వుడే. కనుక ఇక్కడ మనం ఓటు వేయవచ్చు, పోటీ చేయలేము.

ఇక్కడ ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. దళిత సోదరులకు దక్కిన ఈ స్థానాలు వారి హక్కు. శతాబ్దాల పాటు ఊరి బయట ఉంచిన సమాజాలు చట్టసభలో కూర్చోవడాన్ని మనం మనస్ఫూర్తిగా స్వాగతించాలి. మన ఫిర్యాదు వారి మీద కాదు. మన ప్రశ్నలు రెండు. మొదటిది, ముస్లింలు చెప్పుకోదగిన సంఖ్యలో ఉన్న నియోజకవర్గాలు కొన్నిచోట్ల రిజర్వు అవుతున్నాయని 2006లో సచార్ కమిటీ ఎత్తిచూపింది. రాబోయే నియోజకవర్గాల పునర్విభజనలో ఈ పరిశీలనకు చోటుంటుందా? రెండవది, 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను మొదట హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు. అదే వృత్తి, అదే పేదరికం, అదే వివక్ష అనుభవిస్తున్న ముస్లిం, క్రైస్తవ దళితులకు ఆ తలుపు నేటికీ మూసే ఉన్నది. మతంతో సంబంధం లేకుండా ఆ హోదా ఇవ్వాలని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే సిఫారసు చేసింది. 2022లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన మరో కమిషన్ వేశారు. కమిషన్లు మారుతున్నాయి, తలుపు కదలడం లేదు.

రిజర్వు కాని స్థానాల్లో మాత్రం పరిస్థితి ఏమిటి? 2011 జనాభా లెక్కల ప్రకారం తెలంగాణలో ముస్లింలు సుమారు 12.7 శాతం. 2023లో ఎన్నికైన 119 మంది శాసనసభ్యులలో ముస్లింలు ఏడుగురు. ఏడుగురూ ఒకే పార్టీవారు, ఏడుగురూ హైదరాబాద్ జిల్లావారు. అంటే ఆదిలాబాద్ నుంచి ఖమ్మం దాకా జిల్లాల ముస్లింలకు శాసనసభలో తమవాడు ఒక్కడు లేడు. డిసెంబర్ 7న ఏర్పడిన ప్రభుత్వంలో 2025 అక్టోబర్ 31న అజారుద్దీన్ ప్రమాణం చేసే వరకు ముస్లిం మంత్రి లేరు. ఈ లోటుకు రిజర్వేషన్ కారణం కాదు. టికెట్లు ఇచ్చే పార్టీలు కారణం. ఓట్లు అడగడానికి మసీదు గేటు దాకా వచ్చేవారిని, బీ ఫారం ఇచ్చేటప్పుడు మేము ఎందుకు గుర్తుకు రామని మనం అడగాలి.

అయినా పిల్లకు "నిలబడలేవు" అని చెప్పలేదు. చట్టం అట్లా చెప్పదు గనుక. రాష్ట్రంలో ఏ నియోజకవర్గంలో ఓటరుగా ఉన్నా, రాష్ట్రంలోని ఏ జనరల్ స్థానం నుంచి అయినా శాసనసభకు పోటీ చేయవచ్చు. 25 ఏళ్లు నిండాలి, అంతే. పక్కనే ఉన్న జనగామ జనరల్ స్థానం. పంచాయతీకి 21 ఏళ్లు చాలు. మొన్న డిసెంబరులో మూడు విడతల్లో సర్పంచ్ ఎన్నికలు చూశాము. అక్కడ రిజర్వేషన్లు మారుతుంటాయి గనుక, ఈ పల్లెలో మన ఆడపిల్ల సర్పంచ్ కాకూడదనే నియమం ఏదీ లేదు. "నిలబడవచ్చు బేటా, ముందు బాగా చదువుకో, ఊళ్లో అందరి పనీ చేయి" అన్నాను.

పెద్దలారా, ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, ఇప్పుడు ఓటరు జాబితాలే దేశంలో అతిపెద్ద రాజకీయ విషయమయ్యాయి. 2018 డిసెంబర్ 7న పోలింగ్ కేంద్రానికి వెళ్లి పేరు లేక వెనుదిరిగిన తెలంగాణ ఓటర్లు ఎందరో. బ్యాడ్మింటన్ క్రీడాకారిణి గుత్తా జ్వాల పేరు కూడా గల్లంతయింది. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి బహిరంగంగా క్షమాపణ చెప్పారు. క్షమాపణతో ఆనాటి ఓటు తిరిగి రాలేదు. 2025లో బిహార్‌లో ప్రత్యేక సమగ్ర సవరణ జరిగింది. ఆగస్టు 1న వెలువడిన ముసాయిదాలో సుమారు 65 లక్షల పేర్లు లేవు. తొలగించిన పేర్లను కారణాలతో సహా ప్రకటించాలని సుప్రీంకోర్టు ఆగస్టు 14న ఆదేశించిన తర్వాతే ఆ వివరాలు ప్రజల ముందుకు వచ్చాయి. నవంబరులో మరో 12 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో అదే కసరత్తు మొదలయింది. మన దగ్గరికి ఎప్పుడు వచ్చినా మనం సిద్ధంగా ఉండాలి.

భయపడమని నేను చెప్పడం లేదు. చట్టం మన వైపు ఉన్నదని చెబుతున్నాను. రాజ్యాంగంలోని 325వ అధికరణం చూడండి. బ్రిటిష్ పాలనలో 1909 నుంచి ముస్లింలకు వేరే నియోజకవర్గాలు, వేరే ఓటరు జాబితాలు ఉండేవి. స్వతంత్ర భారతం వాటిని రద్దు చేసి, ఒక నియోజకవర్గానికి ఒకే జాబితా ఉండాలనీ, మతం, జాతి, కులం, లింగం కారణంగా ఎవరినీ అందులో నుంచి మినహాయించరాదనీ నిర్ణయించింది. ప్రత్యేక జాబితాను వదులుకుని మనం అందరి జాబితాలోకి వచ్చాము. అందరి జాబితాలో మనకు చోటు భద్రంగా ఉండడం ఆ ఒడంబడికలో భాగం. అట్లాగే 1995లో లాల్ బాబు హుస్సేన్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది: అప్పటికే జాబితాలో ఉన్న వ్యక్తి పౌరసత్వాన్ని అనుమానించి పేరు తీయాలంటే, నోటీసు ఇచ్చి, ఆధారాలు చెప్పి, అతని వాదన వినాలి. అనుమానం ఒక్కటే సరిపోదు.

కాబట్టి చేయవలసిన పనులు చెప్పి విరమిస్తాను. కొత్తగా పేరు చేర్చడానికి ఫారం 6. చిరునామా మార్పుకు, అక్షరదోషాలకు ఫారం 8. తొలగింపు కోరడానికి ఫారం 7. మీ పేరు మీద ఎవరైనా ఫారం 7 ఇచ్చారేమో కనిపెట్టి ఉండండి. 18 ఏళ్లు నిండినదీ లేనిదీ ఇప్పుడు ఏడాదికి నాలుగు తేదీల్లో లెక్కిస్తున్నారు: జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబర్ నెలల మొదటి తేదీలు. 17 ఏళ్లు నిండిన పిల్లలు ముందుగానే దరఖాస్తు చేయవచ్చు. పేరు తిరస్కరిస్తే 15 రోజుల్లో కలెక్టరుకు, అక్కడా న్యాయం జరగకపోతే 30 రోజుల్లో రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి అప్పీలు చేసుకునే హక్కు ఉన్నది. ఇచ్చిన ప్రతి దరఖాస్తుకు రసీదు తీసుకోండి. ఓటరు స్లిప్పు గుర్తింపు పత్రం కాదని, కార్డు వెంట ఉండాలని మరువకండి.

మసీదు కమిటీలకు ఒక విన్నపం. ఎన్నికల ప్రకటన వచ్చాక కాదు, ఏడాదికి రెండుసార్లు వాడలోని ప్రతి ఇంటికీ జాబితా తీసుకుని వెళ్లండి. మన ఇళ్లతోనే ఆగకండి. పక్కింటి మాదిగ కోడలి పేరు, ఎదురింటి గొల్ల అవ్వ పేరు కూడా చూడండి. తొలగింపు ఒక మతాన్ని వెతుక్కుంటూ వచ్చినా, పేదరికాన్ని వెతుక్కుంటూ వచ్చినా, దాన్ని కలిసి నిలబడిన వాడ అడ్డుకోగలదు. ఇళ్లకు వెళ్లేటప్పుడు మొదట అడగవలసినది ఆ ఇంటి కోడళ్ల పేర్లు.

మా కోడలి విషయం చెప్పాలి గదా. డిసెంబరులో మళ్లీ ఫారం 6 ఇచ్చాము, రసీదు తీసుకున్నాము, రెండుసార్లు విచారించాము. 2024 మే 13న లోక్‌సభ ఎన్నికల్లో ఆమె ఇదే బడిలో ఓటు వేసింది. ఈ సభలో కూర్చున్న ప్రతి ఒక్కరూ ఈ వారంలోగా తమ ఇంటి నంబరున్న పేజీ తెరిచి చూడాలని నా మనవి. ఒంటరిగా చూడకండి. ఇంట్లో చదవడం వచ్చిన పిల్లల చేత చదివించండి. ఎవరి పేరు లేదో వాళ్లే ముందు కనిపెడతారు.